థాయిలాండ్‌కు ఏ నెలలో వెళ్ళాలి: ముందు మీ సెలవు, తర్వాత సముద్రం

థాయిలాండ్ వెళ్ళడానికి ఏ నెల మంచిదని ఎవరినడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది: నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు. ఆ మాట నమ్మే నేను ఒక నవంబర్ మూడో వారంలో అమ్మానాన్నలను కో సముయి దీవికి తీసుకెళ్ళాను. టికెట్లు చేసిన ఏజెంటు కూడా సీజన్ మొదలైంది, ఏమీ టెన్షన్ పడొద్దన్నాడు. ఉన్న అయిదు రోజుల్లో నాలుగు రోజులు ముసురు. సముద్రం మట్టినీళ్ళలా ఉంది, చిన్న పడవలు ఆపేశారు. అమ్మ హోటల్ వరండాలో కూర్చుని, "ఇది అచ్చం మన నెల్లూరు వానలాగే ఉందిరా" అంది. అదే వారం ఫుకెట్‌లో ఉన్న మా స్నేహితుడు ఎండలో ఈత కొడుతున్న ఫోటోలు పంపాడు. సముయి నుంచి ఫుకెట్‌కు విమానంలో గంట ప్రయాణం, అంతే.

అమ్మ అన్న మాట నిజమేనని తర్వాత చదివితే తెలిసింది. నెల్లూరును తడిపే ఈశాన్య రుతుపవనాలే సముయినీ తడుపుతాయి. అందుకే మొత్తం థాయిలాండ్‌కు కలిపి ఒక మంచి నెల అంటూ లేదు. ఏ నెలలో వెళ్ళినా ఆ దేశంలో ఎక్కడో ఒకచోట వాతావరణం బాగుంటుంది, ఇంకోచోట బాగుండదు. మనలో చాలామందికి నెల ఎంచుకునే వీలు ఉండదు. పిల్లల సెలవులు, ఆఫీసు లీవు, పెళ్ళి ముహూర్తం కలిసి నెలను ముందే తేల్చేస్తాయి. మన చేతిలో ఉండేది ఊరు మాత్రమే. కాబట్టి నెల దగ్గర మొదలుపెట్టి ఊరు దగ్గరికి రావాలి.

మొదట మ్యాప్ తెరిచి రెండు సముద్రాలు గుర్తుపట్టండి

థాయిలాండ్ దక్షిణ భాగం సన్నగా, తోకలా కిందికి దిగి ఉంటుంది. దానికి పడమర వైపున అండమాన్ సముద్రం. ఫుకెట్, క్రాబి, ఫిఫీ దీవులు, ఖావో లాక్, సిమిలన్ దీవులు అన్నీ ఆ వైపే. తూర్పున థాయిలాండ్ సింధుశాఖ. కో సముయి, కో ఫంగన్, కో తావ్ అటువైపు ఉన్నాయి. కో అంటే థాయ్ భాషలో దీవి.

మే మధ్య నుంచి అక్టోబర్ దాకా నైరుతి రుతుపవనాలు అండమాన్ సముద్రం మీదుగా వచ్చి పడమటి తీరాన్ని తాకుతాయి. మధ్యలో ఉన్న కొండలు ఆ వానలో చాలా భాగాన్ని అటే ఆపేస్తాయి. మంగళూరులో కుండపోతగా కురిసే వాన పడమటి కనుమలు దాటి అనంతపురం వచ్చేసరికి తేలిపోతుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. అందుకే జూలైలో ఫుకెట్ తడుస్తున్నప్పుడు సముయిలో ఎక్కువగా ఎండే ఉంటుంది. అక్టోబర్ మధ్య నుంచి గాలి దిశ మారుతుంది. ఈశాన్యం నుంచి వచ్చే గాలి సింధుశాఖ మీద తేమ పట్టుకుని సముయి వైపు తీరంలో కుమ్మరిస్తుంది. సముయిలో ఏడాది మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ వాన పడేది నవంబర్‌లోనే. అప్పటికి పడమటి తీరం తేరుకుంటూ ఉంటుంది.

బ్యాంకాక్, పటాయా, ఉత్తరాన చియాంగ్ మై లెక్క వేరు. అక్కడ మూడు కాలాలు ఉంటాయి. ఫిబ్రవరి మధ్య నుంచి మే మధ్య వరకు ఎండలు, అక్కడి నుంచి అక్టోబర్ మధ్య వరకు వానలు, తర్వాత చల్లకాలం. చల్లకాలం అన్నారు కదా అని బ్యాంకాక్‌కు స్వెటర్లు మోయకండి. డిసెంబర్‌లో కూడా పగలు 30 డిగ్రీలు దాటుతుంది.

ఈ కాస్త తెలిస్తే సగం పని అయినట్టే.

రెండో పని: మీ సెలవు ఎప్పుడో చూసి ఊరు ఎంచుకోండి

సంక్రాంతి సెలవులు. జనవరి రెండో, మూడో వారాలు. మన పిల్లల సెలవుల్లో థాయిలాండ్‌కు ఇంతకంటే బాగా కుదిరేవి లేవు. ఫుకెట్, క్రాబిల్లో సముద్రం అద్దంలా ఉంటుంది. బ్యాంకాక్‌లో వాన దాదాపు ఉండదు. చియాంగ్ మైలో రాత్రిళ్ళు 15 డిగ్రీల దాకా దిగుతుంది. దానికి దగ్గర్లోనే దేశంలో ఎత్తైన శిఖరం దోయ్ ఇంథనోన్ ఉంది, 2,565 మీటర్లు. అక్కడ కొన్ని తెల్లవారుజాములు గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. థాయ్ వాళ్ళు కూడా ఆ మంచు చూడటానికి చీకటితోనే లేచి బయల్దేరతారు. ఆ కొండల్లో డిసెంబర్ చివర, జనవరిలో అడవి చెర్రీ చెట్లు గులాబీ రంగులో పూస్తాయి. సముయికి మాత్రం జనవరి మొదట్లో వెళ్ళొద్దు, అలలు ఇంకా పూర్తిగా తగ్గవు.

ఉబ్బసం ఉన్నవాళ్ళు ఒక విషయం గమనించాలి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు బ్యాంకాక్ గాలిలో పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి పెరుగుతుంది. 2025 జనవరిలో ఆ కారణంగా నగరంలో వందల బడులు మూసేశారు. ఇంట్లో ఎవరికైనా ఊపిరి ఇబ్బంది ఉంటే బ్యాంకాక్‌లో ఒక్క రాత్రి ఆగి తీరానికి వెళ్ళిపోండి.

మాఘమాసం పెళ్ళిళ్ళు. ఫిబ్రవరిలో హనీమూన్ అనుకుంటున్న జంటలు కళ్ళు మూసుకుని అండమాన్ తీరం బుక్ చేసుకోవచ్చు. సముయి కూడా అప్పటికి తెరిపినపడుతుంది. రెండు తీరాలూ ఒకేసారి బాగుండే కొద్ది వారాలివి. చియాంగ్ మై చూడాలంటే ఫిబ్రవరి మొదట్లోనే చూసేయండి. నెలాఖరు నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఉత్తరాన పంట మోళ్ళు, అడవుల్లో ఎండుటాకులు తగలబడతాయి. సరిహద్దు అవతలి నుంచి కూడా పొగ వస్తుంది. కొండల మధ్య గిన్నెలాంటి లోయలో ఉన్న ఊరు కాబట్టి ఆ పొగ కదలదు. ఆ రోజుల్లో చియాంగ్ మై ప్రపంచంలో గాలి అత్యంత చెడిపోయిన నగరాల జాబితాలోకి ఎక్కుతుంటుంది. ఎదురుగా ఉన్న దోయ్ సుథేప్ కొండ కూడా కనిపించదు. మార్చిలో అక్కడ హోటళ్ళు చౌకగా దొరికేది ఇందుకే. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో మాత్రం అప్పుడు వెళ్ళకండి.

వేసవి సెలవులు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం వరకు. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేదీ, ఎక్కువగా పొరపాటు పడేదీ ఇప్పుడే. ఏప్రిల్‌లో బ్యాంకాక్ ఎండ మన రోహిణీ కార్తెను తలపిస్తుంది, పైగా ఉక్కపోత. 2023 ఏప్రిల్‌లో పడమటి వైపున్న తాక్‌లో 45.4 డిగ్రీలు నమోదైంది. బ్యాంకాక్‌కు రెండు రోజులకు మించి ఇవ్వకండి. గ్రాండ్ ప్యాలెస్ ఉదయం 8:30కి తెరుస్తారు. తెరిచే వేళకే గేటు దగ్గర ఉండండి, లోపల నీడ చాలా తక్కువ. పది దాటాక అక్కడ పిల్లలు సోలిపోతారు. మధ్యాహ్నం మాల్‌లోనో హోటల్లోనో గడిపి, సాయంత్రం చావో ఫ్రయా నది మీద పడవెక్కితే ప్రాణం లేచివస్తుంది.

బీచ్‌కు వేసవిలో సముయి, కో తావ్ వైపే వెళ్ళండి. ఏజెంట్లు అలవాటుగా ఫుకెట్ ప్యాకేజీ ఇస్తారు, చౌక కూడా. ఏప్రిల్ నెలాఖరు వరకు పర్వాలేదు. మే మధ్య దాటాక ఆ ప్యాకేజీలో "నాలుగు దీవుల టూర్" ఉంటే జరుగుతుందో లేదో గాలి మీద ఆధారపడి ఉంటుంది. సిమిలన్ దీవుల జాతీయ పార్కును ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు పూర్తిగా మూసేస్తారు. ఆ రోజుల్లో అక్కడికి తీసుకెళ్తామని ఎవరైనా చెబితే అది అబద్ధం.

వేసవికి ఒక పెద్ద లాభం ఉంది, పండ్లు. మామిడి మార్చి నుంచి మే వరకు. తర్వాత డ్యూరియన్, మంగుస్తాన్, రంబుతాన్ వరసగా వస్తాయి. తూర్పున చంథబురి, రయోంగ్ జిల్లాల తోటల్లో మే, జూన్ నెలల్లో మనిషికి ఇంత అని తీసుకుని కడుపునిండా తిననిస్తారు. మామిడి పండు, కొబ్బరిపాలు పోసిన జిగురన్నం కలిపి తినే తీపి వంటకం ఆ నెలల్లో తిన్నట్టు డిసెంబర్‌లో ఉండదు. మన బంగినపల్లి తిన్న నోటితోనే చెబుతున్నాను. డ్యూరియన్‌ను మాత్రం హోటల్ గదికి తేకండి, వాసన వల్ల చాలా హోటళ్ళు జరిమానా వేస్తాయి.

జూన్ నుంచి ఆగస్టు వరకు. శ్రావణమాసం పెళ్ళిళ్ళవాళ్ళకి, వేసవి సెలవుల్లో అమెరికా నుంచి ఇండియాకు వస్తూ దారిలో ఆగే కుటుంబాలకి కూడా సముయే సరైన చోటు. అప్పుడప్పుడూ ఒక జల్లు పడుతుంది, వెలుస్తుంది. ఫిఫీలోని మాయా బే చూడాలని ఉంటే ఆగస్టు, సెప్టెంబర్‌లలో కుదరదు. పగడపు దిబ్బలు పాడైపోయాయని 2018 జూన్‌లో మూసిన ఆ తీరాన్ని 2022 జనవరిలో తిరిగి తెరిచారు. అప్పటి నుంచి ఏటా ఆ రెండు నెలలు విశ్రాంతినిస్తున్నారు.

దసరా సెలవులు. ఉన్నమాట చెప్పాలంటే థాయిలాండ్‌కు మన సెలవుల్లో కష్టమైనవి ఇవే. బ్యాంకాక్‌లో ఎక్కువ వాన పడేది సెప్టెంబర్‌లో. ఫుకెట్‌లోనూ సెప్టెంబర్, అక్టోబర్‌లే బాగా తడిగా ఉంటాయి. దసరా సెప్టెంబర్ చివర్లో పడితే సముయికి వెళ్ళొచ్చు. అక్టోబర్ మధ్యకు జరిగితే అది కూడా అనుమానమే. బీచ్ ఆలోచన మానుకుంటే మాత్రం ఆ నెలలో వేరే అందం ఉంది. చియాంగ్ మై చుట్టూ వరిచేలు పచ్చగా ఉంటాయి. కాంచనబురి దగ్గర ఏడు మెట్లుగా దూకే ఎరవాన్ జలపాతం నిండుగా ఉంటుంది. నీళ్ళు మరీ ఉధృతమైతే పై మెట్లు మూసేస్తారు, బయల్దేరే రోజు ఉదయం ఫోన్ చేసి అడగండి.

ఫుకెట్‌లో శాకాహార ఉత్సవం కూడా ఈ రోజుల్లోనే. చైనా పంచాంగంలో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు జరుగుతుంది. అధికమాసాల తేడా వచ్చిన ఏడాది తప్ప చాలాసార్లు మన నవరాత్రుల్లోనే పడుతుంది. 2024లో రెండూ అక్టోబర్ 3నే మొదలయ్యాయి. ఆ తొమ్మిది రోజులు పసుపు జెండా కట్టిన ప్రతి కొట్టులో మాంసం, చేప సాస్, గుడ్డు లేని భోజనం దొరుకుతుంది. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మిగతా ఏడాది అక్కడ శాకాహారం కోసం అల్లాడే మా పెద్దమ్మలాంటివాళ్ళకి అది వరం. ఊరేగింపుల్లో భక్తులు బుగ్గలకు శూలాలు గుచ్చుకుంటారు, చిన్నపిల్లలు భయపడొచ్చు.

కార్తీకమాసం, దీపావళి తర్వాత. నవంబర్‌లో సెలవు పెట్టగలిగితే నేరుగా చియాంగ్ మై వెళ్ళండి. వానలకు కడిగిన కొండలు, మొదలైన చలి, పొగ ఇంకా రాని ఆకాశం. ఫుకెట్, క్రాబి కూడా నెల గడిచేకొద్దీ బాగుపడతాయి. సముయి మాత్రం వద్దు, ఎవరెంత చౌకగా ఇచ్చినా వద్దు.

డిసెంబర్. మొదటి మూడు వారాలు బాగుంటాయి, క్రిస్మస్ నుంచి జనం పోటెత్తుతారు.

మూడో పని: ఎంత వాన అని కాదు, ఎలాంటి వాన అని అడగండి

ఫోన్‌లో వాతావరణం యాప్ చూస్తే జూలైలో బ్యాంకాక్‌కు వారమంతా ఉరుముల బొమ్మే కనిపిస్తుంది. అది చూసి ప్రయాణం రద్దు చేసుకున్నవాళ్ళు నాకు తెలుసు. అక్కడ వానాకాలపు వాన చాలావరకు సాయంత్రం వచ్చే జడివాన. గంట, గంటన్నర దంచికొట్టి వెలిసిపోతుంది. పొద్దున అంతా ఎండగానే ఉంటుంది. కాబట్టి గుళ్ళు, మార్కెట్లు పొద్దునే చూసేసి, నాలుగు గంటల తర్వాత పైకప్పు కింద ఉండే పని పెట్టుకోండి. వాన పడ్డాక టాక్సీ ఎక్కితే నీళ్ళు నిలిచిన సందుల్లో ఇరుక్కుంటారు. స్కై ట్రైన్, మెట్రో స్టేషన్‌కు నడిచి చేరేంత దగ్గర్లో హోటల్ తీసుకోండి.

సముయి నవంబర్ వాన అలాంటిది కాదు. అది రోజుల తరబడి పట్టే ముసురు. నెల మొత్తం లెక్క ఒకేలా కనిపించినా ప్రయాణికుడికి ఈ రెండూ ఒకటి కాదు. జడివానను తప్పించుకుని తిరగొచ్చు, ముసురును తప్పించుకోలేం. హోటల్‌కు మెయిల్ రాసేటప్పుడు వాన పడుతుందా అని కాకుండా, పోయిన ఏడాది ఇదే వారంలో మీ పడవలు ఎన్ని రోజులు ఆగాయి అని అడగండి. సూటిగా అడిగితే సూటిగా చెబుతారు.

నాలుగో పని: సముద్రం మాట వినండి

ఇది సరదా విషయం కాదు, దయచేసి శ్రద్ధగా చదవండి. మే నుంచి అక్టోబర్ వరకు ఫుకెట్ పడమటి బీచ్‌లలో, అంటే పటోంగ్, కరోన్, కటా లాంటి చోట్ల, ఎండ కాస్తున్నా మనిషిని ఒడ్డు నుంచి సముద్రం లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఎర్రజెండా కట్టి ఉంటే మోకాలి లోతుకు కూడా దిగొద్దు. ఎరుపు, పసుపు కలిసిన జెండాలు రెండు పాతి ఉంటే వాటి మధ్యనే ఈదాలి. ఏటా అక్కడ మునిగిపోయేవాళ్ళలో పర్యాటకులే ఎక్కువగా ఉంటారు. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా ఆ లాగుడుకు ఎదురీదబోయి అలసిపోతారు. ఎప్పుడైనా చిక్కుకుంటే ఎదురీదకండి. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి.

పడవల సంగతీ అంతే. 2018 జూలైలో ఫుకెట్ దగ్గర తుఫాను గాలికి పర్యాటకుల పడవ మునిగి 47 మంది చనిపోయారు. అలలున్న నెలల్లో స్పీడ్ బోటు కాకుండా పెద్ద ఫెర్రీ ఎక్కండి. గాలి బాగా లేదని పడవవాడే టూర్ రద్దు చేస్తే అతనితో వాదించకండి, డబ్బు తిరిగి అడగండి. వానాకాలంలో గుహల్లోకి అసలే వెళ్ళొద్దు. అదే ఏడాది జూన్‌లో థామ్ లువాంగ్ గుహలో పన్నెండు మంది పిల్లలు, వాళ్ళ కోచ్ చిక్కుకున్నది ఉన్నట్టుండి పెరిగిన వాననీటి వల్లే.

ఐదో పని: పండుగల తేదీలు చూసుకోండి

ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్, థాయ్ కొత్త సంవత్సరం. ఆ పేరు మన సంక్రాంతి అన్న సంస్కృత మాటే. సూర్యుడు మేషరాశిలోకి వచ్చే వేళ. మూడు రోజులు ఊరంతా నీళ్ళు చల్లుకుంటారు, పెద్దవాళ్ళ చేతుల మీద సుగంధ జలం పోసి దీవెనలు తీసుకుంటారు. 2023 డిసెంబర్‌లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో పాల్గొనాలనుకుంటే చియాంగ్ మై పాత ఊరి కందకం చుట్టూ ఉండే గదిని మూడు, నాలుగు నెలల ముందే తీసుకోండి. పొగ ఇంకా ఉండొచ్చు, అదీ లెక్కలో పెట్టుకోండి. పాల్గొనే ఉద్దేశం లేకపోతే ఆ మూడు రోజులూ ఊళ్ళు మారొద్దు. రైళ్ళు, బస్సులు సొంతూళ్ళకు వెళ్ళేవాళ్ళతో కిక్కిరిసి ఉంటాయి, రోడ్డు ప్రమాదాలు ఎక్కువ, చిన్న కొట్లు మూసి ఉంటాయి.

లోయ్ క్రథోంగ్ నా మనసుకు బాగా దగ్గరైన పండుగ. థాయ్ చాంద్రమానంలో పన్నెండో నెల పౌర్ణమి. చాలా ఏళ్ళు మన కార్తీక పౌర్ణమి రోజునో, ఒక రోజు తేడాతోనో వస్తుంది. అరటి దొన్నెలో పూలు, అగరొత్తులు, దీపం పెట్టి నదిలో వదులుతారు. చియాంగ్ మైలో పింగ్ నది ఒడ్డున అమ్మ తనంతట తానే ఒక దొన్నె కొని, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని వదిలింది. పక్కనున్న థాయ్ పెద్దావిడ నవ్వి వత్తి వెలిగించి ఇచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. సముయిలో తడిసిన ఏడాది తర్వాత ఏడాది, నెల మార్చకుండా ఊరు మాత్రమే మార్చి చేసిన ప్రయాణం అది. ఆ రాత్రుల్లో చియాంగ్ మైలో ఆకాశ దీపాలు ఎగరేస్తారు కాబట్టి సాయంత్రం విమానాలు రద్దవుతాయి. తిరుగు ప్రయాణం పగటిపూటకు పెట్టుకోండి.

ఆరో పని: డబ్బు లెక్క

హోటల్ ధరలు డిసెంబర్ 20 ప్రాంతంలో ఎగబాకి జనవరి 10 ప్రాంతంలో దిగుతాయి. మధ్యలో డిసెంబర్ 24, 31 రాత్రుల్లో చాలా రిసార్టులు "గాలా డిన్నర్" పేరుతో మనిషికింత అని తప్పనిసరిగా వసూలు చేస్తాయి. బుకింగ్ షరతుల్లో చిన్న అక్షరాలతో ఉంటుంది, చదవండి. చైనా కొత్త సంవత్సరం వారం కూడా ఖరీదే. వానాకాలంలో అదే గది చాలా చోట్ల సగం ధరకు వస్తుంది. అప్పుడు బుక్ చేస్తే ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోండి, వంద రెండొందలు ఎక్కువైనా సరే. గాలి మారితే మీరు తీరం మార్చుకోగలగాలి.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానంలో మూడున్నర గంటలు. సముయి విమానం టికెట్టు ఖరీదెక్కువ. ఒడ్డు వైపున్న సూరత్ థానీ వరకు విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి బస్సు, దోన్‌సక్ రేవులో ఫెర్రీ పట్టుకుంటే చాలా మిగులుతుంది, అరపూట పోతుంది.

ఏడో పని: బయల్దేరే ముందు వారం

థాయ్ వాతావరణ శాఖ సైట్ ఇంగ్లిష్‌లో కూడా ఉంది. అందులో వాన కంటే ముందు అలల ఎత్తు చూడండి. రెండు మీటర్లు దాటుతుందని ఉంటే దీవుల టూర్ ఆ రోజుకు పెట్టొద్దు. ఉత్తరానికి వెళ్తుంటే గాలి నాణ్యత యాప్‌లో చియాంగ్ మై అంకె వారం పాటు రోజూ చూడండి. వానాకాలమైతే డెంగీ దోమలుంటాయి, ఒంటికి రాసుకునే మందు, పిల్లలకు పొడుగు చేతుల పలుచని చొక్కాలు తీసుకెళ్ళండి. ఫోన్‌కు నీళ్ళు తగలని సంచీ సోంగ్‌క్రాన్‌లోనూ పనికొస్తుంది, పడవలోనూ పనికొస్తుంది.

దీవి నుంచి ఇంటికి తిరిగొచ్చేటప్పుడు విమానం ఎక్కే రోజే పడవ ఎక్కే ఏర్పాటు చేసుకోకండి. ఏ నెలైనా సరే, ముందు రోజు సాయంత్రానికి ఒడ్డుకు చేరి, విమానాశ్రయానికి దగ్గర్లో ఒక రాత్రి పడుకోండి.